రమాదేవి నంబరు

బాబాయ్ అని పిలిస్తే నోరేమన్నా పడిపోతుందా, రమాదేవి మొగుడు బతికున్నన్నాళ్ళూ పుల్లయ్యను బాబాయ్ అనేవాడు కనక ఆమెకు మామే అవుతాడు, వరసలో తప్పేం లేదు, ఆ సంగతి పుల్లయ్య పెళ్ళాం శేషమ్మకూ తెలుసు, అయినా ఆ మొగుడు పోయి ఇన్నేళ్ళయినాక ఆ పిలుపు మామగారిని పిలిచినట్టు లేదు, మేనమామను పిలిచినట్టు ఉంది, సరసం చెల్లే పిలుపులా ఉంది, ఇందాక డాక్టరు గది తలుపు తీసి పద మామా మనల్ని పిలుస్తున్నారు అని రమాదేవి అన్నప్పుడు మనల్ని ఏంది, మీరిద్దరూ ఎప్పట్నుంచి మనం అయ్యారు అని అడగాలనిపించింది, అడగలేదు, అత్తా ఈ సంచి కాస్త చూస్తుండు అని తన సంచి శేషమ్మ ఒళ్ళో పెట్టి ఆమె లోపలికి పోయింది, వెనకే పుల్లయ్య పోయాడు, తలుపు దానంతట అదే మూసుకుంది, ఈ నరసరావుపేట ఆసుపత్రుల్లో తలుపులన్నీ ఇంతే, ఎవరూ వెయ్యక్కర్లేదు, మనిషి బయట మిగిలిపోతే చాలు, అవే మూసుకుంటాయి.

మోకాలు చూపించుకోవడానికి ముగ్గురం ఎందుకే, నువ్వు కూర్చో అన్నాడు పుల్లయ్య, మరి ఆ ముగ్గురిలో ఎక్కువైన మనిషి ఎవరు, కట్టుకున్న తనా, ఎదురింట్లో మిషను కుట్టుకునే రమాదేవా, పొద్దున క్రోసూరులో బస్సెక్కిన దగ్గర్నుంచి ఈ ముడి విడలేదు, దాని మీద కౌంటరు దగ్గర జరిగింది ఇంకొకటి, తలుచుకుంటేనే పచ్చిమిరపకాయ కొరికినట్టు ఒళ్ళంతా మంట, స్తంభం పక్కన నిలబడి తను విన్నది, కౌంటరు పిల్ల ఫోను నంబరు చెప్పండి తాతా అనడమే ఆలస్యం పుల్లయ్య గడగడా చెప్పేశాడు, ఎక్కం అప్పజెప్పినట్టు, మధ్యలో ఊపిరైనా తీసుకోకుండా, చివర మూడు ఏడులు, వీధిలో అందరికీ తెలిసిన నంబరు, రమాదేవి నంబరు, శేషమ్మ నంబరు కావాల్సి వస్తే చొక్కా జేబులోంచి చీటీ తీసి కళ్ళకు ఆనించుకుని ఒక్కో అంకే కూడబలుక్కునే మనిషి, లారీ నడిపిన కాలంలో బండి నంబరు తప్ప ఇంకే నంబరూ బుర్రలో నిలవని మనిషి, ఆమె నంబరు మాత్రం నోటికి పట్టించుకున్నాడు, ఎన్నిసార్లు అనుకుంటే పట్టుబడుతుంది ఒక నంబరు, ఆ పిల్ల మంచిది, ఇది పేషెంటు నంబరేనా తాతా, రిపోర్టులన్నీ దీనికే పోతాయి, వేరేవాళ్ళ ఫోనయితే వాళ్ళు చూస్తారు మరి అంది, అదేనమ్మా మా నంబరు అన్నాడు, మా నంబరు, శేషమ్మ సంచిలో కూడా టచ్ ఫోను ఉంది, రోజూ పేపరు దాంట్లోనే చదువుతుంది, దానికి నంబరు లేదా, దానికి మనిషి లేదా.

ఎదురు గోడ మీద ఆసుపత్రి వాళ్ళు పెద్ద కాగితం అంటించారు, మీ రిపోర్టులు మీ ఫోనుకే వస్తాయి, మీ సొంత నంబరే ఇవ్వండి, మీ జబ్బు వివరాలు మీ అనుమతి లేకుండా ఇతరులకు పంపము, శేషమ్మ దాన్ని చదివి మళ్ళీ చదివింది, కనపడిన అక్షరాన్ని చదవకుండా వదలడం ఆమెకు చేతకాదు, బడి మొహం చూడలేదు, శెనగల పొట్లాలు విప్పి, బస్సు బోర్డులు చూసి, ఎలక్షన్లకు గోడల మీద రాసిన పేర్లు చూసి తెలుగు నేర్చుకుంది, ఇంగ్లీషు అక్షరాలు మాత్రం పుల్లయ్య లారీ నేర్పింది, మాచర్ల నుంచి నాపరాళ్ళ లోడుతో వచ్చి బండి ఇంటి ముందు ఆపితే వెనక డోరు మీద ఎర్రగా రాసిన స్టాప్, సౌండ్ హారన్, నేషనల్ పర్మిట్, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి ఇదేంది అని అడిగితే బీడీ వెలిగించుకుంటూ చెప్పేవాడు, నీకెందుకే ఇయ్యన్నీ, నన్ను ఎనక్కి నెట్టి నువ్వు తోల్తావా బండి అని నవ్వేవాడు, అప్పుడు ఏది అడిగినా చెప్పేవాడు, ఇప్పుడు అడక్కపోయినా రమాదేవికి చెబుతున్నాడు, సొంత నంబరే ఇవ్వండి అని గోడ చెబుతోంది, ఏది సొంతం, ఎవరు సొంతం, ఆ కాగితం రాసినవాళ్ళను అడగాలి.

మిరపకోతలు మొదలైనప్పట్నుంచి ఇదే వరస, సాయంత్రం కాగానే పుల్లయ్య చెప్పులేసుకుని ఎదురింటి అరుగు మీదికి పోతాడు, రమాదేవి మిషను ఆపుతుంది, ఇద్దరూ ఆ ఫోను మీదికి వంగుతారు, బావిలో చేద పడిపోతే వంగి చూసినట్టు, శేషమ్మ టీ గ్లాసు పట్టుకుని గుమ్మం దాటిందంటే చాలు ఆ ఫోను వెలుగు ఠక్కున ఆరిపోతుంది, ఏంది మామా కోడళ్ళ ముచ్చట్లు అంటే ఏముందత్తా, తేజాతో మాట్టాడుతున్నాం అంటుంది, తేజ ఆమె అక్క కొడుకు, గుంటూరులో ఏదో ల్యాబులో పని చేస్తాడు, వాడితో ఈ ముసలాయనకు ముచ్చట్లేంది, అదొక్కటైతే సరే అనుకోవచ్చు, కానీ మనిషి మెత్తబడ్డాడు, అది దాచినా దాగదు, కూరలో ఉప్పెక్కువైతే కంచం నెట్టేసే మనిషి నోరెత్తకుండా తింటున్నాడు, తను తాగిన గ్లాసు కడుగుతున్నాడు, పండగా పబ్బం లేకుండా వంకాయరంగు చీర తెచ్చాడు, తనకు అన్నం గొంతులో అడ్డం పడుతోంది అంటే సత్తెనపల్లి తీసుకుపోయి గొట్టం వేయించి లోపల చూపించాడు, గ్యాసంట, ఏం లేదంట, మందు రాశారంట, అప్పట్నుంచి అన్నం పలచగా కలిపి ఇంకొక్క ముద్ద తినవే అని ఎదురుగా కూర్చుంటున్నాడు, ఇయ్యాల బస్టాండులో బత్తాయి రసం తెచ్చి నిదానంగా తాగు అని గ్లాసు చేతికిచ్చి నిలబడ్డాడు, ఆమె తాగేదాకా చూస్తూనే ఉన్నాడు, తప్పు చేసిన మగాడే ఇట్టా మెత్తబడతాడు, కాపురంలో లేని ప్రేమ ఉన్నట్టుండి పొంగుకొచ్చిందంటే దానికి పొయ్యి ఇంకెక్కడో మండుతోందని లెక్క.

ఈ వయసులో ఏం చేస్తాడులే అని మనసుకు చెప్పుకుంటే మనసు వినదు, వయసుదేముంది, మనిషి మన దగ్గర్నుంచి లేచిపోవడానికి కాళ్ళతోనే పోవాలా, పక్కన కూర్చునే పోవచ్చు, పోయినవాళ్ళు పోయినట్టు తనకెప్పుడూ ముందు తెలియలేదు, అదీ తన రాత, అమ్మకు కాస్త జొరంగా ఉంది ఒకసారి వచ్చిపొమ్మన్నారు అని కబురొస్తే నిమ్మకాయలు కొనుక్కుని పోయింది, వీధి మొదట్లో డప్పు వినపడింది, ఎవరికోసమో అనుకుంది, ఆ నిమ్మకాయలు ఏం చేసిందో ఇప్పటికీ గుర్తు రాదు, తమ్ముడు మాచర్లలో రైలెక్కి పనికి పోయి తిరిగి రాకపోతే వాడు బాగానే ఉన్నాడు, ఉత్తరం రాశాడు అని ఏడాది పొడుగునా చెప్పారు, పుట్టిన ఒక్క పిల్లాడూ ఆసుపత్రి నుంచి తిరిగొస్తుంటే ఆమె ఒళ్ళోనే ఉన్నాడు, నిద్రపోతున్నాడమ్మా కదిలించమాక అన్నాడు ఆటో అతను, పక్కన కూర్చున్న ఆడవాళ్ళందరికీ తెలుసు, తను మాత్రం పిల్లాడికి ఎండ తగలకుండా కొంగు కప్పుతూ ఇంటిదాకా వచ్చింది, అప్పుడు పుల్లయ్య నాగపూరు లోడు మీద ఉన్నాడు, అంతా అయిపోయినాక వచ్చాడు, ఏడవలేదు, చుక్క కన్నీరు లేదు, ఆమె వీపు మీద చెయ్యేసి కాసేపు కూర్చుని లేచి బండి టైర్లు చూసుకున్నాడు, రాయి అన్నారు అందరూ, రాయే అనుకుంది తనూ, రాయి అయినా తనది అనుకుంది, ఇప్పుడా రాయి కూడా దొర్లిపోతోందని వీధందరికీ తెలిసి తనకొక్కదానికే తెలియదేమో, నిద్రపోతున్నాడమ్మా కదిలించమాక అని ఈసారి కూడా ఎవరో అంటున్నారేమో.

ఒళ్ళో సంచి గుర్రుమంది, శేషమ్మ ఉలిక్కిపడింది, రమాదేవి ఫోను, చూస్తుండు అంది గానీ చూడమాక అనలేదుగా, చెయ్యి దానంతట అదే లోపలికి పోయింది, గుడ్డ ముక్కలు, కొలతల టేపు, వాటి మధ్య ఫోను, తాళం గీత తెలుసు, అడ్డంగా ఒక గీత, ఏటవాలుగా కిందికి, మళ్ళీ అడ్డంగా, శేషమ్మ ముందే ఎన్నిసార్లో గీసింది రమాదేవి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా గీసింది, దొంగబుద్ధి ఉన్నది అట్టా గీస్తుందా అని ఒక మాట మనసులో మెదిలింది, దాన్ని అక్కడే తొక్కేసింది, ఫోను తెరుచుకుంది, వచ్చింది తేజ మెసేజు, పైన వాడి పేరు తెలుగులోనే ఉంది, తేజ గుంటూరు, నొక్కితే కింద వాడిప్పుడు పంపింది, పిన్నీ డాక్టరేమన్నాడు, దాని పైన మాటలు రికార్డు చేసిన గీతలు, ఇంకా పైన ఒక ఫైలు, రమాదేవి నుంచి వాడికి పోయింది, రెండు టిక్కులూ నీలంగా ఉన్నాయి, చూశాడన్నమాట, నొక్కింది, తెరుచుకోలేదు, పాస్‌వర్డ్ అడిగింది.

ఓహో, తాళం కూడా వేశారు, అంత దాచుకోవాల్సింది ఏముందో, కానీ ఈ తాళం సంగతి శేషమ్మకు కొత్త కాదు, ఆధారు కాగితం తీయించుకోవడానికి పోయినప్పుడు నెట్ షాపు కోటిబాబు చెప్పాడు, పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత పుట్టిన సంవత్సరం, ఇట్టాంటి కాయితాలన్నిటికీ ఇదే తాళం పెద్దమ్మా అన్నాడు, మన వీధి మొత్తం జనవరి ఒకటో తారీకునే పుట్టింది, ఆ రోజు మంత్రసాని చేతులు పడిపోయుంటయ్ అని నవ్వాడు, అవును, ఆధారు రాసే పిల్లలు ఊళ్ళోకి వచ్చినప్పుడు ఎవరికీ పుట్టిన రోజు తెలియదు, మొహం చూసి సంవత్సరం వేశారు, అందరికీ జనవరి ఒకటే వేశారు, వీధి అరుగుల మీద కూర్చుని ఒకరి సంవత్సరం ఒకరు చెప్పారు, ఒకరి తాళం ఒకరి దగ్గరే ఉన్నట్టు, అయితే ఇది పుల్లయ్యదే, మోకాలు కాదు, ఏదో పెద్ద జబ్బే తెచ్చుకున్నాడు, దాన్ని పెళ్ళానికి చెప్పకుండా ఆమెకు చెప్పుకున్నాడు, జబ్బు కూడా ఆమెకే ఇచ్చాడు, నెలల తరబడి అతని ఒంట్లో సంగతి ఆమెకు తెలుసు, ఎక్కడ నొప్పో ఆమెకు తెలుసు, స్టాపులోని పీ, సౌండులోని యూ, రెండు ఎల్‌లు, అతని సంవత్సరం, నొక్కింది, తెరుచుకోలేదు, మరి ఆమెదా, ఆమె జబ్బుకి ఈయన ఊరూరూ తిరుగుతున్నాడా, ఆమె ఉప్పెన వచ్చిన ఏడు పుట్టింది, వాళ్ళత్త చెప్పేది, హారన్‌లోని ఆర్, పక్కన ఏ, పర్మిట్‌లోని ఎమ్, మళ్ళీ ఏ, ఉప్పెన ఏడు, అదీ తెరుచుకోలేదు.

ఇంక పెట్టేద్దామనుకుంది, వేళ్ళు ఊరుకోలేదు, ఒట్టి అలవాటుగా, తన కాగితం కోసం కోటిబాబు కొట్టులో తనే కొట్టిన అక్షరాలు, ఎస్, ఈ, ఎస్, హెచ్, తన సంవత్సరం.

తెరుచుకుంది.

పైన శేషమ్మ అని ఉంది, ఇంగ్లీషులో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటే అది తన పేరే, పక్కన వయసు, తనదే, ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, గుండెల మీంచి నాపరాయి దింపినట్టయింది, ఆమెది కాదు, ఆయనదీ కాదు, వాళ్ళిద్దరి మధ్యా ఉన్నది వాళ్ళది కాదు, నాదే, నేనే అని చిన్నపిల్లలా సంతోషం వేసింది, ఆ సంతోషానికి తనకే నవ్వొచ్చింది, ఆ తర్వాత నెమ్మదిగా, సన్న చినుకు మట్టిలోకి దిగినట్టు దిగింది, నాదైతే నాకెందుకు చెప్పలేదు, గ్యాసు కాగితానికి ఇంత తాళమా, కింద గులాబీరంగు బొమ్మ, గొట్టం లోపలిది, ఇది తన లోపలా, తను ఎన్నడూ చూడని తన లోపల, రమాదేవి చూసింది, గుంటూరులో తేజ చూశాడు, వాడు ఇంకెవరికి చూపించాడో, తన గొంతు ఊళ్ళు తిరుగుతోంది, తను తప్ప అందరూ చూస్తున్నారు, గోడ మీద కాగితం ఇంకా చెబుతూనే ఉంది, మీ అనుమతి లేకుండా, మీ అనుమతి లేకుండా.

మాటలు రికార్డు చేసిన గీతను నొక్కి ఫోను చెవికి ఆనించుకుంది, ముందు మిషను చప్పుడు ఆగడం, తర్వాత పుల్లయ్య, బాబూ తేజా, నేను పుల్లయ్య తాతని, ఆ కాయితం మీ పెద్ద డాక్టరుకి చూపించావా అయ్యా, అన్నం దిగే గొట్టంలో కేన్సరంటన్నారు, ఆమెకి చెప్పలేదు, నువ్వు కూడా ఎప్పుడన్నా ఊరొస్తే చెప్పమాక, ఆమె చానా మందిని పోగొట్టుకుంది, తట్టుకోలేదు, నాకు, నాకు ఆమె లేకపోతే, అని ఆగిపోయాడు, తర్వాత వచ్చిన చప్పుడేమిటో శేషమ్మకు మొదట తెలియలేదు, ఏదో బరువైన వస్తువును నేల మీద ఈడుస్తున్నట్టు ఉంది, వింటూ వింటూ ఉంటే అర్థమైంది, పుల్లయ్య ఏడుస్తున్నాడు, పిల్లాడు పోయినప్పుడు ఏడవని మనిషి, ఆ రాయి, ఎక్కెక్కి ఏడుస్తున్నాడు, దూరంగా రమాదేవి గొంతు, ఊరుకో మామా, కాసిని మంచినీళ్ళు తాగు, ఊరుకో.

కేన్సరు అన్న మాట ఎక్కడో ఒక మూలకు పోయి నిలబడింది, దాని సంగతి తర్వాత, ముందు ఈ ఊరుకో మామా, ఈ మాట అనాల్సింది ఎవరు, ఆ నీళ్ళు ఇవ్వాల్సింది ఎవరు, ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి ఏడుపు ఎట్టా ఉంటుందో తనకు తెలియదు, ఇప్పుడు ఎదురింటి అరుగుకు తెలుసు, కుట్టుమిషనుకు తెలుసు, తన కోసం కార్చిన కన్నీళ్ళు తన కొంగుకు కాకుండా ఇంకొకరి గ్లాసులో నీళ్ళకు ఆగాయి, అనుమానం అబద్ధమైంది గానీ కుళ్ళు అబద్ధం కాలేదు, రమాదేవి ఏమీ దొంగిలించలేదు, పాపం ఆమెకేం పట్టింది, బస్సులో కిటికీ పక్కన సీటు తనకే ఇచ్చింది, దారి పొడుగునా తన చెయ్యి పట్టుకుని కూర్చుంది, అయినా ఆమె దగ్గర తనది ఒకటుంది, అది తిరిగి కావాలి.

తలుపు తెరుచుకుంది, ముందు పుల్లయ్య, వెనక రమాదేవి, ఇద్దరూ మొహాలు సర్దుకుని వచ్చారు, ఏం లేదే, మోకాలు అరిగిందంట, బిళ్ళలు రాశాడు, ఎట్టాగూ వచ్చాం గదా, పన్లో పని నీ గొంతు కూడా చూస్తానన్నాడు, రా అన్నాడు పుల్లయ్య, ఎంత చక్కగా చెబుతున్నాడో, దారంతా అనుకుంటూ వచ్చి ఉంటాడు, నంబరు కూడా ఇట్టాగే బట్టీ పట్టి ఉంటాడు, రిపోర్టు తన దాకా రాకుండా ఉండటానికి ఒక్క అంకె కూడా తప్పకూడదని, రమాదేవి సంచి కోసం చెయ్యి చాపి శేషమ్మ చేతిలో వెలుగుతున్న ఫోను చూసింది, చాపిన చెయ్యి అట్టాగే ఉండిపోయింది, అత్తా అంది, శేషమ్మ ఫోను ఆమె చేతిలో పెట్టింది, నీ మీద కోపం నాకు ఇప్పుడే పోదమ్మాయ్, కౌంటరు కాడికి పోయి నా నంబరు రాయించి రా, నీకు తెలుసుగా అంది, రమాదేవి కళ్ళు తుడుచుకుంటూ కౌంటరు వైపు నడిచింది, పుల్లయ్య ఆమె వంక చూశాడు, శేషమ్మ వంక చూశాడు, తెలిసిపోయింది, గోడకు చెయ్యి ఆనించి బల్ల మీద కూలబడ్డాడు, నీకెట్టా చెప్పాలో తెలియలేదే అన్నాడు, ఇక్కడ వద్దన్నట్టు మొహం అటు తిప్పుకోబోయాడు, శేషమ్మ గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది, జనం చూస్తున్నారు, చూడనీ.

నన్నొదిలి ఎక్కడికో పోయి ఏడవమాక, పోయేది నేనైతే నాకాడ ఏడువు.

అతను ఏడ్చాడు, ఆ బరువైన వస్తువును ఈడ్చే చప్పుడు ఈసారి ఆమె భుజం మీదే అయింది, ఊరుకో అనలేదు శేషమ్మ, ఏడవనిచ్చింది, వైద్యానికి తగ్గుతుందో తగ్గదో లోపల డాక్టరు చెబుతాడు, అది విందాం, ఇద్దరం కూర్చునే విందాం, కానీ ఇన్నాళ్ళూ వీళ్ళు ఎదురింటి అరుగు మీద చేసిందేమిటో ఇప్పుడు తెలిసింది, అప్పగింతలు, పెళ్ళికూతురిని ఇంట్లో కూర్చోబెట్టి, ఆమెకు తెలియకుండా, ఆమె లేకుండా అప్పగింతలు పెట్టుకుని ఏడ్చారు, ఎక్కడన్నా ఉందా ఇది, పిల్ల లేకుండా అప్పగింతలేంది, పోయే పిల్ల కూడా ఆ పందిట్లో ఉండాలి, అందరికంటే ఎక్కువ తనే ఏడవాలి.